కర్చీఫ్ వేసిన సీటు

ఆ రోజు మ్యాట్నీని చివరి పావుగంట ఉండగానే ఆపించింది నేనే. అమలాపురంలో ఓ సినిమా హాలుకి మేనేజర్ని. లోపల ఐదుగురే ఉన్నారు. బయట పెద్ద హీరో సినిమాకి వచ్చిన జనం గేటు ఊపేస్తున్నారు. లోపల ఆడుతున్నది ప్రేమ కోసం వెతుక్కునే ఓ నటి కథ; అది ఆగిపోతే ఎవరూ అడగరని తెలిసే ఆపాను.

నలుగురు లేచి వెళ్లిపోయారు. చివరి వరసలో ఒకావిడ మిగిలారు. తెర మీది నటి ఆవిడే. కథ కూడా చాలావరకు ఆవిడదే. సినిమాలో ఆవిడ బస్సెక్కిన ప్రతిసారీ పక్క సీటు మీద కర్చీఫ్ వేస్తారు. హాల్లోనూ ఆవిడ పక్క సీటు మీద వేసి ఉంది.

"ఎవరైనా వస్తారాండీ?" అన్నాను, ఏమనాలో తోచక.

"ఏమోనండీ, అలవాటైపోయింది," అని నవ్వారు. "మనూరోళ్లు చివరిదాకా కూర్చుంటారో లేదో చూద్దామని వచ్చేనండీ. మీరు కూర్చోనివ్వలేదు."

ఆ మాటలో కోపం లేకపోవడంతో నాకు మరీ సిగ్గేసింది.

మర్నాడు పొద్దున్నే ఆవిడ బస చేసిన చోటికి వెళ్లి, క్షమించమని అడిగి, హాలుకి తీసుకొచ్చి సినిమా మొదటి నుంచీ వేయించాను. ఆవిడ మళ్లీ పక్క సీటు మీద కర్చీఫ్ వేశారు. హాలు ఊడ్చే మామ్మగారూ పక్కన నిలబడి చూశారు. సినిమా చివర్లో బస్సు కదిలినా నటి పక్క సీటు ఖాళీగానే ఉంటుంది.

"అయ్యో, ఎవరూ రాలేదేంటమ్మా!" అన్నారు మామ్మగారు.

"ఆయ్, రాలేదండీ."

"అయితే ఆ గుడ్డ తియ్యమ్మా, నేను కూర్చుంటాను."

ఆవిడ తీశారు.

ఆ రోజు మ్యాట్నీకి మళ్లీ అదే సినిమా వేశాను. ముగ్గురొచ్చారు. చివరి పేరు పడేదాకా గేటుకి అడ్డంగా నేనే నిలబడ్డాను.