ఊఫర్ పెట్టె అడ్డం పడిన తలుపు

తొంభైల నాటి మాట. సూరత్‌లోని బమ్రోలిలో, మేడ మీద ఒంటిగదిలో ఉండేవాళ్లం. మగ్గాల మీద పనిచేసే మా ఆయన మోజుపడి పెద్ద ఊఫర్ పెట్టె కొన్నారు. ఆ చిన్న గదిలో పాట పెడితే గిన్నెలు అదిరేవి.

"మూలకుంటే గిట్లనే మోగుతది. పాట పెట్టి జరంత జరంత నూకుకుంట చూడు, యాడ మోత తగ్గితే ఆడ ఉంచు" అని చెప్పి ఆయన పనికి వెళ్లారు.

మా రెండేళ్ల పాప నా కాళ్లకు అడ్డం వస్తోందని వరండాలో వదిలి, తలుపు మూసి, పాట పెట్టి పెట్టెను తోశాను. అది మంచానికీ తలుపుకీ మధ్య బిగుసుకుపోయింది. ఎంత లాగినా రాలేదు. లోపలికి తెరుచుకునే తలుపు ఇక కదల్లేదు. కిటికీలోంచి చూస్తే పాప మెట్ల వైపు నడుస్తోంది! ఆ మోతలో నా అరుపు నాకే వినబడలేదు.

వైరు పట్టి లాగేసి, పాపను పట్టుకోమని మళ్లీ అరిచాను. "కోకిలాబెన్, బచ్చీకో పకడో!"

పక్కగది గుజరాతీ ఆవిడ పరుగున వచ్చి, పై మెట్టు మీదే పాపను ఎత్తుకుంది. "మేరే పాస్ హై, రో మత్" అంది, పాప నా దగ్గరే ఉంది, ఏడవకు అని.

ఆయన వచ్చి తలుపు చెక్క ఊడదీసేదాకా కిటికీ ఊచల్లోంచి పాప చేయి పట్టుకునే నిలబడ్డాను. ఇప్పటికీ ఇంట్లో ఎవరు పాట పెట్టినా, బయటి నుంచి పిలిస్తే వినబడేంతే పెట్టమంటాను.