మూలల్లో ఎవరున్నారు?

వానాకాలం మొదలవగానే మా ఇంట్లో బియ్యం వేగుతాయి. తినడానికి కాదు, లెన్సుల కోసం. గుప్పెడు బియ్యం మూకుట్లో ఎర్రగా వేయించి, చల్లార్చి, పాత పంచె గుడ్డలో మూట కట్టి లెన్సుల డబ్బాలో పడేస్తే చెమ్మంతా ఆ మూటే పీల్చేస్తుంది. గాజుకు బూజు పట్టదు. మొన్న ఆదివారం ఆ వాసన వీధిలోకి పాకేసరికి పక్కింటావిడ "ఏటండీ, మళ్ళీ కెమెరాలకి వంట సేస్తున్నారా?" అని గోడ మీంచి కేకేసింది. నవ్వాను. కానీ ఈ కిటుకు నేర్పిన సన్యాసిరావు గారు గుర్తొచ్చాక నా నవ్వు ఎక్కువసేపు నిలవదు.

నర్సీపట్నం బస్టాండు వెనక సందులో ఆయన స్టూడియో ఉండేది. గది ఎంత ఇరుకంటే, పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ పక్కపక్కన నిలబడితే ఫోటో తీసేవాడు వీధిలోకి పోయి, ఆటోలను ఆపి, అక్కణ్ణించి తియ్యాలి. ఆయనకున్నది ఒక్కటే కెమెరా. దాని బ్యాటరీ మూత ఎప్పుడో విరిగిపోతే రబ్బరు బ్యాండు వేసి నడిపించేవారు. అయినా ఇటు నాతవరం నుంచి అటు రావికమతం దాకా, ఫోటో లేకుండా చనిపోయినవాళ్ళకు ఆయనే దిక్కు. ఇంటివాళ్ళు ఏ పెళ్ళి గుంపులోదో, రేషన్ కార్డు మీదదో ఒక మసక ముఖం పట్టుకొచ్చేవారు. పాడైన చోట తమ్ముడి కళ్ళో కూతురి నుదురో అరువు తెచ్చి, కంప్యూటర్లో అతికి, గోడకు తగిలించుకునే బొమ్మ చేసిచ్చేవారాయన. "ఒకే కడుపున పుట్టిన కళ్ళు బాబూ, అతుకు కనపడదు" అనేవారు.

ఇక నా సంగతి. మండల ఆఫీసులో గుమాస్తాను. సెలవురోజుల్లో మాత్రం ప్రపంచ ప్రఖ్యాత ఫోటోగ్రాఫర్ని. ఈ విషయం ప్రపంచానికి ఇంకా అందలేదు, అంతే. ఏ కెమెరా బాడీ కొనాలో తేల్చుకోవడానికి రెండేళ్ళపాటు రివ్యూలు చదివాను. అంత దీక్ష చదువు మీద పెట్టి ఉంటే ఈపాటికి కలెక్టర్నై, రిటైరై, మనవలకు అరటిపళ్ళు వలిచిపెడుతూ ఉండేవాణ్ణి. చివరికి రెండు బాడీల మధ్య ఊగిసలాడుతూ ఆయన దగ్గరికి వెళ్ళాను. అరగంట నా ఉపన్యాసం విని ఆయన అడిగింది ఒక్కటే.

"ఏటి తీస్తావు?"

"అదింకా అనుకోలేదండీ. ముందు బాడీ తేలాలి కదా."

"పిల్లని సూడకుండా పల్లకీ కొంటానంటావు" అన్నారు.

అయినా కొన్నాను. బాడీ, మూడు లెన్సులు, ఏనుగును కట్టేసినా కదలని ట్రైపాడ్, పద్దెనిమిది అరల సంచి. ఆ సంచిని ఆయన ఒక చేత్తో లేపబోయి, లేవక, "మీ ఆవిడ్ని కూడా ఇందులోనే తెచ్చీసేవేటి?" అన్నారు. ఆ తర్వాత అయిదేళ్ళు రోజూ సాయంత్రం అక్కడే కూర్చున్నాను. ఊపిరి బిగబట్టి మీట నొక్కడం, బియ్యం మూట కట్టడం నేర్పారు. ఇంకొకటి కూడా చెప్పారు. నేను విన్నాననుకున్నాను. "ఫోటో ఇస్తానని నోరు జారేవో, పై సంతకల్లా ఇచ్చీయాల. లేకపోతే అనకు."

ఒక చలికాలం కొత్త లెన్సు పట్టుకుని కొయ్యూరు సంతకు వెళ్ళాను. పాతదానికీ కొత్తదానికీ పోటీ పెట్టాలని నా ఆలోచన. ఎక్కడ బాగా గీతలుంటే అక్కడ లెన్సు బండారం బయటపడుతుందట. అందుకని విస్తళ్ళు కుట్టే అడ్డాకుల కట్టల ముందు, మట్టిలో, బోర్లా పడుకున్నాను. మెడలో కెమెరావీ సంచివీ మూడు పట్టీలు పెనవేసుకుని, వలలో పడ్డ చేపలా కొట్టుకుంటున్నాను. కట్టల వెనక కూర్చున్న ఆడపిల్లకు ఇరవై ఏళ్ళుంటాయి. కాసేపు చూసి, "బాబూ, ఆ మిషను మీరు పట్టుకున్నారా, మిమ్మల్ని అది పట్టుకుందా?" అని పకపకా నవ్వింది. ఆ నవ్వు మీద మీట నొక్కాను, లెన్సు పరీక్షలో భాగంగా. "నాకొకటి ఇస్తారా?" అంది. "నర్సీపట్నం బస్టాండు వెనక స్టూడియోకి రా, ఇచ్చేస్తాను" అన్నాను. ఇల్లు చేరి ఫోటోలను నాలుగు రెట్లు పెద్దవి చేసి, ముక్కు తెరకు ఆనించి చూశాను. మూలల్లో షార్ప్‌గా లేవు. లెన్సును నానా తిట్లూ తిట్టి మెమరీ కార్డు మొత్తం ఫార్మాట్ చేసేశాను.

మూడు నెలల తర్వాత, స్టూడియోలో నేను ఫిల్టర్ల గురించి ప్రసంగిస్తుండగా గుమ్మంలో ఒకావిడ నిలబడింది. పేరు చిట్టెమ్మ. కొయ్యూరు దగ్గర కొండమీది ఊరు. కూతురు రత్నం జ్వరంతో పోయి పదిహేను రోజులైంది. కొంగుముడి విప్పి కూతురి ఆధార్ కార్డు తీసి బల్ల మీద పెట్టింది. అందులో ముఖం తపాలా బిళ్ళంత ఉంది, బెదిరిపోయి ఉంది.

"ఇది మా పిల్ల కాదు బాబూ. ఇందులో భయపడి ఉంది. సంతలో నవ్వుతుంటే ఒక బాబు తీసేరంట, ఇక్కడికొస్తే ఇస్తానన్నారంట. జ్వరంలో కూడా అదే సెప్పింది. ఆ నవ్వింది ఇప్పించండి."

సన్యాసిరావు గారు నావైపు చూశారు. నేను గోడవైపు చూశాను. "ఇంట్లో ఉంటుందమ్మా, వెతుకుతాను" అని నా నోరు అంది. ఆయన ఆవిణ్ణి సోమవారం రమ్మని పంపించి తలుపు చేరవేశారు.

"ఆ ఫోటో ఉందేటి?"

"లేదండీ. చెరిపేశాను."

"ఏం?"

"మూలల్లో షార్ప్‌గా లేదండీ."

 ఆయన కోపం లేకుండా, నిజంగానే తెలుసుకోవాలన్నట్టు అడిగారు. "మూలల్లో ఎవరున్నారు బాబూ?"

"ఎవరూ లేరండీ."

ఆ రెండు రోజులూ నేను చెయ్యని ప్రయత్నం లేదు. చెరిగినవి తిరిగి తెచ్చే సాఫ్ట్‌వేర్లు మూడు తిప్పాను. కానీ అదే మెమరీ కార్డు మీద ఆ తర్వాత మా గోడను, మా పంపును, మా పంపు పక్క గోడను వందలసార్లు తీసి ఉన్నాను. చివరికి దొరికింది సగం ఆకుల కట్ట, నా బొటనవేలు. రెండూ చాలా షార్ప్‌గా ఉన్నాయి.

సోమవారం చిట్టెమ్మ వచ్చింది. నేను సన్యాసిరావు గారి చెవిలో "మీరు చెప్పండి" అన్నాను. ఆయన గట్టిగానే "నాను సెప్పను. నువ్వే సెప్పు" అన్నారు. చెప్పాను. ఆవిడ అరుస్తుందనుకున్నాను. శపిస్తుందనుకున్నాను. నేలవైపు చూసి మెల్లగా అడిగింది.

"మా పిల్ల బాగోలేదా అందులో?"

"బాగుందమ్మా. చాలా బాగుంది."

"మరెందుకు సెరిపీసేరు?"



సన్యాసిరావు గారే లేచి ఆవిడకు మంచినీళ్ళిచ్చారు. ఆధార్ కార్డు మీది ముఖాన్నీ ఆవిడ ముఖాన్నీ పక్కపక్కన పెట్టి చూశారు. "అమ్మా, కళ్ళు సరిసెయ్యగలను. నవ్వు ఇందులో నేదు. పోలిక నీదే. ఒక్కసారి నువ్వు నవ్వితే, ఆ నోరు దానికి పెడతాను" అన్నారు. ఆవిడ స్టూలు మీద కూర్చుంది. పళ్ళు కనిపించేలా పెదవులు విడదీసింది. అది నవ్వు కాదని ముగ్గురికీ తెలుసు. ఆయన చేతులకు అప్పటికే వయసు వల్ల వణుకు. నన్ను నా కెమెరా తియ్యమన్నారు.

"ఆ పిల్లని నవ్వించినోడివి నువ్వే గదా. ఈవిణ్ణీ నవ్వించు."

నా జీవితమంతా నవ్వించడమే పని. ఆఫీసులో ఎవరు రిటైరైనా నేను మాట్లాడకపోతే సభ రక్తికట్టదు. ఆ రోజు మాత్రం ఆ జోకులేవీ పనికిరాలేదు. చివరికి మెడలో మూడు పట్టీలూ వేసుకుని, ఆ తల్లి కాళ్ళ దగ్గర నేల మీద బోర్లా పడుకున్నాను. "ఇలా పడుకుని ఉంటే మీ రత్నం ఏమందో తెలుసా అమ్మా? ఆ మిషను మీరు పట్టుకున్నారా, మిమ్మల్ని అది పట్టుకుందా అంది."

చిట్టెమ్మ ఒక్క క్షణం నన్ను చూసింది. "అదలాగే అంటాది" అంది. అంటూనే, తనకు తెలియకుండా, నవ్వింది. మీట నొక్కాను. నవ్వు ఆగలేదు, ఏడుపైంది. నేను నేల మీంచి లేవలేదు.

ఆయన నాలుగు రోజులు కూర్చుని చేశారు. చిట్టెమ్మ ఆ పటాన్ని రెండు చేతులతో పట్టుకుని కిటికీ దగ్గరకు తీసుకెళ్ళి చూసింది. పెదవుల మీద వేలు పెట్టి, తర్వాత అదే వేలు తన పెదవుల మీద పెట్టుకుంది. "మా పిల్లలాగే ఉంది" అని, తువ్వాల్లో చుట్టుకుని వెళ్ళిపోయింది. ఆవిడ సందు మలుపు తిరిగేదాకా చూసి సన్యాసిరావు గారన్నారు. "అతుకు కనిపెట్టీసింది. ఇన్నేళ్ళలో ఈవిడే." ఆ తర్వాత ఆయన అలాంటి బొమ్మ మళ్ళీ చెయ్యలేదు. ఎవరైనా వస్తే, ఎంత మసగ్గా ఉన్నా ఉన్నదాన్నే పెద్దది చేసి ఇచ్చేవారు.

ఆయన పోయి రెండేళ్ళయింది. స్టూడియో ఉన్నచోట ఇప్పుడు సెల్‌ఫోన్లకు అద్దాలు అంటిస్తున్నారు. నేను కెమెరాలు కొనడం మానలేదు, అబద్ధమెందుకు. కానీ మనిషి వైపు కెమెరా ఎత్తేముందు పేరూ ఊరూ అడుగుతాను. తీసిందాన్ని పై సంతకల్లా కాగితం మీద వేయించి, పట్టుకెళ్ళి ఇస్తాను. గోడల్నీ పంపుల్నీ తప్ప దేన్నీ చెరపను.

పోయిన నెల అలాగే ఫోటోలు పంచుతూ కొయ్యూరు సంతలో తిరుగుతున్నాను. చిట్టెమ్మ అడ్డాకులు అమ్ముతోంది. నన్ను చూసి పక్కనున్న ముసలమ్మ ఏదో వేళాకోళం ఆడింది. చిట్టెమ్మకు నవ్వొచ్చింది. వెంటనే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వు ఆగేదాకా ఆ కొంగు తియ్యలేదు. నేను నా మామూలు తెలివితో "పన్ను నొప్పా అమ్మా?" అన్నాను.

 చిట్టెమ్మ ఆకుల కట్టకు ముడి బిగిస్తూ చెప్పింది.

"కాదు బాబూ. ఈ నవ్వు పిల్లకి ఇచ్చీసేను గదా. ఇచ్చింది మళ్ళీ మనం వాడుకుంటామేటి?"