జిల్లేడు పాలు పడిన కన్ను

మా చెరువు గట్టుకి పొక్లెయిన్ వచ్చిన రోజు పొద్దున, టీ కూడా తాగకుండా అక్కడికి పరిగెత్తాను. కైకలూరు అవతల మాకున్న చేపల చెరువు అది. వానలు ముదిరేలోపు గట్టు ఎత్తు చేయించాలని మావారు చాలా రోజులుగా అంటున్నారు. గట్టు పొడవునా జిల్లేడు పొదలే. వాటిని పీకకుండా మట్టి పోయడం కుదరదని నాకూ తెలుసు. కాని ముందురోజు సాయంత్రం ఒక పొద మీద సీతాకోకచిలుక పిల్లపురుగుల్ని చూసి వచ్చాను. ఒంటి నిండా నలుపు, తెలుపు, పసుపు చారలు, వీపు మీద సన్నటి నల్లకొమ్ములు.

ఆ పొదలతో నాది పాత స్నేహం. మేత చల్లడానికి వెళ్ళినప్పుడల్లా వాటి దగ్గర ఆగుతాను. పూల మీద నల్లతుమ్మెదలు, లేత కొమ్మలకి పసుప్పచ్చటి పేనుబంక, ఆ బంక తీపి కోసం చీమలు. నారింజరంగు సీతాకోకచిలుక ఆకు అడుగున గుడ్డు పెడుతుంది. పిల్లపురుగు జిల్లేడు పాలలో ఉన్న విషాన్ని ఒంట్లో దాచుకుంటుంది. రెక్కలొచ్చాక కూడా ఆ చేదు పోదు. కరెంటు తీగ మీది ఏట్రింత పిట్ట ఒకసారి ఆ సీతాకోకచిలుకని పట్టి, వెంటనే వదిలేసి ముక్కు తీగకేసి తుడుచుకోవడం చూశాను.

"అమ్మగారూ, పక్కకి రండి! బకెట్టు తిరుగుతుందండీ!" అని డ్రైవరు కేక వేశాడు.

"ఒక్క నిమిషం బాబూ" అంటూ పురుగులున్న కొమ్మని రెండు చేతులతో వంచాను. అది విరగలేదు. వెనక ఇంజను మోత దగ్గరైంది. గట్టిగా లాగాను. కొమ్మ ఫట్‌మని విరిగి పైకి లేచింది. కుడికంట్లో చల్లగా ఏదో చిందింది.

బోరు నీళ్ళతో కడుక్కున్నాను. కాస్త మండి తగ్గిపోయింది. నొప్పి లేదు కదా, ఏం కాదులే అనుకుని పురుగుల్ని ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి ఇంటికి తెచ్చాను. నన్ను మోసం చేసింది ఆ నొప్పి లేకపోవడమే.

మధ్యాహ్నం మావారికి అన్నం వడ్డిస్తుంటే గిన్నెలోంచి లేచిన ఆవిరి ఎంతకీ కళ్ళముందు నుంచి పోలేదు. అది ఆవిరి కాదని కాసేపటికి తెలిసింది. నా ఎడమకన్ను చిన్నప్పట్నుంచీ బలహీనం. పనంతా కుడికంటితోనే. చేత్తో ఎడమకన్ను మూసి ఆయన వైపు చూశాను. చొక్కా ఉంది, పైన ముఖం లేదు.

"ఏవండీ, మీరు నవ్వుతున్నారా?"

"లేదు. ఏం?"

"మీ ముఖం కనిపించడం లేదండీ" అన్నాను. ఆయన ముద్ద వదిలేసి లేచారు.

అత్తయ్యగారు ఆముదం సీసాతో వచ్చారు. "ఒక్క చుక్క వేస్తాను, చలవ చేస్తుంది."

"వద్దమ్మా, ఏమీ వెయ్యకు" అని ఆయన కారు తీశారు.

కొల్లేరు మీదుగా ఏలూరు వెళ్ళే ఆ దారిలో నేను ఎప్పుడూ కిటికీ వైపు నుంచి తల తిప్పను. ఆ రోజు నీళ్ళకీ ఆకాశానికీ మధ్య గీత కనిపించలేదు. "గూడబాతులున్నాయా?" అని అడిగాను. "బోలెడు" అన్నారాయన.

కంటి డాక్టరమ్మ చాలాసేపు చూసింది. "ఈ పాలు నొప్పి తెలియనివ్వవండీ. అందుకే అందరూ ఆలస్యంగా వస్తారు" అంది.

"చూపు వస్తుందాండీ?" అని మావారు అడిగారు.

"చాలామందికి వస్తుంది. నల్లగుడ్డు లోపలి పొర వాచింది. ఎంత దెబ్బతిందో వాపు తగ్గాకే చెప్పగలను."

ఇంటికి రాగానే మావారు పురుగుల డబ్బా అందుకుని, పారెయ్యడానికి పెరట్లోకి నడిచారు. "వద్దండీ" అన్నాను. అత్తయ్యగారు ఆ డబ్బా ఆయన చేతిలోంచి లాక్కున్నారు. "నువ్వు చూడలేవు, వాడు చూడడు. ఆకులెవరు తెస్తారమ్మాయ్?" అని విసుక్కున్నారు.

మర్నాడు ఆవిడే తెచ్చారు. చేతికి క్యారీబ్యాగు తొడుక్కుని, కొడుకు పాత కళ్ళజోడు పెట్టుకుని, పంటకాలువ పక్కన మిగిలిన పొదల దగ్గరికి వెళ్ళారట. నేను కంట్లో మందుచుక్కలు వేసుకుని కళ్ళు మూసుకుని పడుకుంటే, మంచం పక్కన కూర్చుని డబ్బాలోకి చూసేవారు.

"ఏం చేస్తున్నాయండీ?"

"తింటున్నాయి. ఇంకేం చేస్తాయి?" అన్నారు మొదట. తర్వాతెప్పుడో గొంతు తగ్గించి, "ఒకటి ఆకు ఈనె కొరికిందే. కొరికి ఆగింది. పాలన్నీ కారిపోనిచ్చి, ఇప్పుడు చివర్నుంచి తింటోంది. దీనికున్న తెలివి నీకు లేకపోయింది" అన్నారు. ఆ గాయం తర్వాత మొదటిసారి నవ్వాను.

పురుగులు ఒక్కొక్కటే మూతకి వేలాడి గూళ్ళు కట్టాయి. పచ్చగా, బంగారు చుక్కలతో, చెవిజూకాల్లా ఉన్నాయని ఆవిడ చెప్పారు. ఒక రోజు ఆవిడ అరుపు విని ఉలిక్కిపడ్డాను. ఒక గూడు నల్లబడి, అందులోంచి తెల్లటి దారాలు సాగుతున్నాయట, వాటి వెంట చిన్న పురుగులు జారుతున్నాయట.

"ఒక రకం ఈగ వచ్చి ఈ పురుగుల మీద గుడ్లు పెడుతుందండీ. దాని పిల్లలు లోపల తిని పెరుగుతాయి."

"అంత విషం తిన్నా తప్పలేదన్నమాట" అన్నారావిడ. ఆ మాట నాకు గుచ్చుకుంది. ఎన్నిసార్లు చుక్కలు వేసుకున్నా కంటిముందు పొగమంచు అలాగే ఉంది. కన్ను ఇక ఇంతేనేమో అని ఎవరితోనూ అనలేక, అటు తిరిగి పడుకున్నాను.

ఆ తర్వాత కొన్నాళ్ళకి పొద్దున్నే ఆవిడ నా భుజం తట్టి, డబ్బా నా ముఖం దగ్గర పెట్టారు. "చూడు."

మొదట నారింజరంగు మరక. రెప్ప వేసి తీశాను. మరకకి అంచు వచ్చింది. అంచు నలుపు. ఆ నలుపులో తెల్లచుక్కలు విడివిడిగా కనిపించాయి. రెక్కలింకా తడిగా, ముడతలతో ఉన్నాయి.

"చుక్కలున్నాయండీ" అన్నాను.

ఆవిడ నా ముందు రెండు వేళ్ళు పెట్టి, "ఇవెన్ని?" అని గద్దించారు. చెప్పాను. పైటకొంగు నోట్లో కుక్కుకుని వంటింట్లోకి వెళ్ళిపోయారు.

చూపు పూర్తిగా రాలేదు. ఏలూరులో అక్షరాల బోర్డు చదివిస్తే ఆఖరి వరస ఇప్పటికీ అలుక్కుపోయే ఉంటుంది. అది ఇక అంతేనని డాక్టరమ్మ చెప్పింది. పోయినసారి నేను డాక్టరమ్మ గదిలోంచి బయటికి వచ్చేసరికి, అత్తయ్యగారు వరండాలో పక్కనున్నావిడకి వేలితో గాల్లో ఆకు గీసి చూపిస్తున్నారు. "ముందు ఈనె కొరకాలండీ" అంటున్నారు. నేను వచ్చి పక్కన కూర్చున్నా ఆపలేదు.