సాబ్ కుట్టించుకున్న ఎడిటర్

ఎనభైల్లో తాండూరు దగ్గరి ఒక సిమెంటు ఫ్యాక్టరీలో నేను ప్రోగ్రాములు రాసేవాణ్ని. కంప్యూటరు మూడు బర్రెలంత ఉండేది, మేత మాత్రం ముప్పై బర్రెలది. దానికి ఉక్కపోస్తుందని గదికి ఏసీ పెట్టారు. బయట బండలు పగిలే ఎండలో మేం లోపల మఫ్లర్లు చుట్టుకుని కూచునేవాళ్లం.

నా పై అధికారి పెద్దేముల్ నుంచి వచ్చే ముసలాయన. అందరం సాబ్ అనేవాళ్లం. పొద్దున ఆరింటికే వచ్చేవాడు. నేను వికారాబాద్ నుంచి ప్యాసింజర్‌లో దిగేసరికి పదకొండు. ఆ బండి నిదానం ఎంతంటే, ఎక్కేముందు గీసుకున్న గడ్డం దిగాక మళ్లీ గీయాల్సొచ్చేది. సాయంత్రం నేను రాసిపెట్టి పోయినవి మర్నాడు పొద్దున సాబే మిషన్‌కు ఎక్కించేవాడు.

సాబ్‌కు ఒకటే పిచ్చి, ఎడిటర్. ప్రోగ్రాము టైపు చేసి దిద్దుకునే సాధనం అది. ఏ మీట నొక్కితే ఏం చేయాలో మనమే దానికి నేర్పొచ్చు. ఎక్కడో పరాయి దేశంలో ఎవరో రాసింది, టేపుల మీద చేతులు మారి మారి మా దాకా వచ్చింది. సాబ్ దానికి నాలుగు వందల పనులు నేర్పాడు. నాలుగు వందలని నేనంటున్నా. నలభై ఉంటాయేమో.

"నువ్వు గూడ ఒకటి నేర్పు, ఛోటే. అంగీ కుట్టించుకున్నట్టు గిది మన వొంటికి కుట్టించుకోవాలె."

"నాకు రెడీమేడ్ చాలు సాబ్. నా ప్రోగ్రాములు ఒక్కసారికే నడుస్తయి. దిద్దుడు ఎందుకు?"

"మస్తు నడుస్తయి," అని నవ్వేవాడు.

గప్పాలు కాదు. రెండేళ్లలో నాది ఒక్కటీ తప్పులొచ్చి తిరగబడలేదు.

ఆ వానాకాలం సాబ్ పోయాడు. ఆయన కుర్చీ నాకిచ్చారు. నాలుగో రోజు నా ప్రోగ్రాము తిరగబడింది. మర్నాడు ఇంకోటి. లారీలకు లోడు పట్టీ తీసేదైతే వరసగా ఆరుసార్లు. లారీలు పక్క ఊరు యాలాల్ దాకా నిలబడ్డాయి. ప్రతి లైనూ తప్పేనని ప్రింటరు మూరలకొద్దీ కాగితం కక్కింది. ప్రతి లైనూ ఎట్లా తప్పవుతుంది? రాసింది నేను కదా.

డేటా ఎక్కించే అమ్మాయి నా వైపు చూడటం మానేసింది.

"సాబ్ ఆత్మ ఆ కుర్చీ ఇడిశిపెట్టలేదన్నా. మీరేమో ఆయన ఎడిటర్‌ను ఎక్కిరిస్తుంటిరి."

"నీ పని నువ్వు చూస్కో చెల్లె."

"నా పని నేను చూస్కుంటనే ఉన్న. మీ పనే ఎవ్వరు చూస్తలేరు."

మేనేజరు గడువు పెట్టాడు. "రేపు మధ్యాహ్నంకల్లా పట్టీ రావాలె. లేకుంటే నువ్వు బస్తాల షెడ్డుకు పోతవు."

నాకు నవ్వు రాలేదు. తెర మీద పచ్చ గీత మినుకుమన్నప్పుడల్లా ఎవరో వెనక నిలబడి చదువుతున్నట్టుండేది. రెండుసార్లు తిరిగి చూశా. మఫ్లర్ ఉన్నా మెడ చల్లగానే ఉంది.

మర్నాడు కూచున్నది ఒకే పనికి: పీడ వదులుతుందని, సాబ్ నేర్పినవన్నీ ఉన్న ఫైలును తుడిచేయడానికి. మీట నొక్కా. తెర మీద ఇంగ్లిషు అక్షరాల్లో ఆయన మాట వచ్చింది: జర ఆగు. చదివినవా?

తుడిచేముందు అట్లా అడగమని ఆయనే దానికి నేర్పాడని తట్టేలోపు నా ప్రాణం సరిహద్దు దాటి కర్ణాటకలోకి పోయి వచ్చింది.

చదివాను. అన్నిటికన్నా అడుగున ఒక పని, దాని పేరు ఛోటే. ఏడో గడిలో మొదలైన ప్రతి లైనునూ ఎనిమిదో గడిలోకి జరపడం, అంతే. గడి అంటే లైనులో ఒక అక్షరం పట్టే చోటు. మా ప్రోగ్రాముల్లో లైను ఎనిమిదో గడిలో మొదలైతేనే మిషన్ ఒప్పుకుంటుంది. నేను మొదటిరోజు నుంచీ ఒకటి తక్కువ లెక్కపెడుతున్నా. పక్కన ఆయన రాసుకున్న మాట: చెప్తే చిన్నబోతడు. రోజు పొద్దుగాల నొక్కాలె.

నొక్కాను. పట్టీ వచ్చింది.

"ఇన్ని రోజులు ఏమైండెనోయ్?" అన్నాడు మేనేజరు.

"సాబ్ రాలేదు సార్."

ఆ అమ్మాయి టైపు చేయడం ఆపింది.

ఎనిమిదిదాకా లెక్కపెట్టడం ఒక పూటలో వస్తుంది. నేను నేర్చుకోలేదు. అక్కడ ఉన్నన్నాళ్లూ ఏడో గడిలోనే మొదలుపెట్టి, చివర ఆ మీట నొక్కేవాణ్ని. లైన్లన్నీ ఒక్కసారే పక్కకు జరిగేవి, బెంచీ మీద ఎవరికో చోటిస్తున్నట్టు.