మాబున్ని కుట్టనన్న పరుపు

ప్రొద్దుటూరులో మాబున్ని పరుపు కుట్టిందంటే ఏళ్లు గడిచినా దూది గడ్డ కట్టదు. అయితే పెద్దిళ్లలో ఆమెకున్న గిరాకీ అందుకు కాదు. ఊళ్లో ఇద్దరు నాయకులుండేవారు. ఒకాయనకు నూనెమిల్లు, ఇంకొకాయనకు సినిమా టాకీసు. జనం వాళ్లను మిల్లాయన, టాకీసాయన అనేవారు. పార్టీలు వేరు, జెండాలు వేరు, జీపుల్లో పెట్టుకు తిరిగే బాంబులు మాత్రం ఒకటే రకం. అవతలివాడు పంపిన మనిషి పరుపులో ఏం పెట్టి కుడతాడో ఎవరికి తెలుసు? అందుకని ఆ రెండిళ్లలోనూ తనిఖీ లేకుండా పడకగది దాకా పోగలిగింది మాబున్ని ఒక్కతే. దూదేకుల వీధి కోడలు, ఏ పార్టీ మనిషీ కాదు. ఈ ఇంటి మాట ఆ ఇంట్లో చెప్పి ఎరగదు. మొగుడు చాంద్ బాషా నోట్లో నాలుక లేనివాడు. ఆ లోటు ఆమె వడ్డీతో సహా తీర్చేది.

బస్టాండు నుంచి ఎర్రగుంట్ల రోడ్డుకు కొత్త బాట వేస్తామన్నారు. తిన్నగా వేస్తే మిల్లు గోడా కొంత పోతుంది, టాకీసు వరండా కొంత పోతుంది. ఇదివరకు ఇలాంటి తగాదా వస్తే ఇంజనీరు వీధిలోకే వచ్చి నిలబడేవాడు. జనం మూగేవారు, అరిచేవారు, ఒకరి తాతముత్తాతలను ఒకరు తవ్వి తీసేవారు. పొద్దు గూకేలోగా నలుగురి ఎదుట ఏదో ఒకటి తేలేది.

ఇప్పుడా పద్ధతి మారిపోయింది. ఇకమీదట అన్నీ రాజీ కమిటీయే తేలుస్తుందట. కమిటీ అంటే ఎవరనుకున్నారు? ఆ ఇద్దరు నాయకులే! మధ్యలో తలాడించడానికి ఒక ఆఫీసరు. కూర్చునేది జమ్మలమడుగులో ఒక బంగళాలో, తలుపులేసుకుని.

ఊరు సంబరపడింది. బంగారు అంగళ్ల వాళ్లయితే టపాకాయలు కాల్చారు.

"ఇద్దురూ ఒక బల్లకాడ కూచుంటాండారు మాబున్నీ, ఇంక నెత్తురు పారదు. మనకు అంతకంటే ఏం గావల్ల?" అన్నాడు మిషను బడి ఆనందయ్య సారు. ఆయన్ని తప్పుపట్టలేం. సొంత తమ్ముణ్ని ఆ గొడవల్లోనే పోగొట్టుకున్న మనిషి.

కొన్నాళ్లకు ఇంజనీరు వచ్చి దూదేకుల వీధి గోడలన్నిటి మీదా సున్నంతో గీతలు గీశాడు. బాట వంకర తిరిగింది. మిల్లును తప్పించుకుంది, టాకీసును తప్పించుకుంది, మాబున్ని వంటింటి మీదుగా పోయింది. ఎద్దులు కొట్లాడితే లేగలు నలుగుతాయంటారు. ఎద్దులు రాజీపడినా నలిగేది లేగలేనని ఆ వీధికి ఆరోజు తెలిసొచ్చింది.

పక్కింటి ఖాతూన్‌బీ కళ్లొత్తుకుంది. "ఎవురిదో ఒకరి జెండా కట్టుకుందాం పామ్మే. ఇల్లన్నా మిగులుతాది."

"కడితే రెండో ఆయప్ప బాంబు మన వాకిట్లో పడతాది. నేను కట్టను. ఇల్లూ ఇడిసిపెట్టను," అంది మాబున్ని. ఆమె ఒళ్లు మండిపోతోంది.

సరిగ్గా అప్పుడే మిల్లాయన కూతురికి పులివెందుల సంబంధం కుదిరింది. పెళ్లి పరుపు కుట్టాలని జీపు పంపారు. మాబున్ని ఒట్టి చేతులతో వెళ్లి నిలబడింది.

"ఏమ్మే, సూది దారం యాడ?" అన్నాడు మిల్లాయన.

"ఇంటికాడ ఉండాయప్పా. కుట్టను."

"దుడ్లు ఎక్కువ గావల్నా?"

"నీ దుడ్లు నీకాడే పెట్టుకో. మా ఇల్లు తేల్చేది జమ్మలమడుగు గదిలో గాదు. మీరిద్దురూ మా వీధిలోకి రాండి. ఏ గోడ కొట్టెయ్యల్లో నలుగురి ముందర చెప్పండి. అంతవరకూ నీకూ కుట్టను, ఆయప్పకూ కుట్టను."

"ఈ ఊళ్లో కుట్టేదానివి నువ్వొక్కదానివేనా?"

"శానామంది ఉండారు. పిలిపించుకో. వాళ్లు కుట్టిన పరుపు మీద నీ బిడ్డను పండబెట్టు."

మాబున్ని అట్నుంచి అటే వెళ్లి టాకీసాయనకూ అదే మాట చెప్పి వచ్చింది.

వచ్చారు! రాక చస్తారా? వీధికి ఈ కొసన ఒక జీపు, ఆ కొసన ఒక జీపు, నడుమ ఇంజనీరు. అరుగుల మీదా గోడల మీదా జనమే. కుర్చీ ఎవరికి ముందు వేసినా కొట్లాటేనని మాబున్ని నడివీధిలో ఒకే పరుపు పరిచింది. ఇద్దరూ చెరో అంచున ముళ్ల మీద కూర్చున్నట్టు కూర్చున్నారు.

"ఇంజనీరప్పా, కమిటీలో తేల్చిన మాట వీళ్ల నోటితోనే చెప్పించు. మా గోడలు పోగూడదు, ఈ పేదోళ్ల ఇండ్లు పోవల్ల అని చెప్పమను. వింటాం," అంది మాబున్ని.

తలుపులేసుకున్న గదిలో ఆ మాట సులువుగానే వచ్చింది. ఊరంతా చూస్తుండగా, అందులోనూ పగవాడి పక్కన కూర్చుని, నా గోడ వదిలిపెట్టండయ్యా అని ఎలా అంటాడు? మిల్లాయన గొంతు సవరించుకున్నాడు. టాకీసాయన మీసాల చాటున నవ్వాడు. ఆ నవ్వే కొంప ముంచింది.

"ఏంది నగుతాండావు? ఒక గోడ పోతే నేను అడుక్క తింటానా? కొట్టుకోండప్పా నా గోడ!" అని మిల్లాయన లేచాడు.

"నీదొక్కటేనా? నా వరండా మొత్తం తీస్కపోండి!" అని టాకీసాయన తొడ చరిచాడు.

వీధంతా ఈలలు, కేకలు. మాబున్ని సున్నం బకెట్టు తెచ్చి ఇంజనీరు చేతికిచ్చింది.

"మాట సల్లారకముందే పోయి గీయప్పా."

తర్వాత నడివీధిలోని పరుపు చుట్టి భుజానికెత్తుకుని మిల్లాయన వైపు తిరిగింది.

"పెండ్లి పరుపుకు రేపొస్తా. జీపు పంపొద్దు. నడిచే వస్తా."