ఒడిబియ్యం పోసిన కత్తివీరుడు

చంద్రమ్మకు జపాను భాష రాదు. ఇంగ్లీషూ రాదు. అయినా ఎయిర్‌పోర్టుకు వెళ్లే దారిలో, సాతంరాయి దగ్గర హైవే పక్కన, జపాను కత్తివీరుడి సినిమా ఒకటి పాతికమంది క్యాబ్ డ్రైవర్లకు కంఠతా వచ్చిందంటే అది ఆవిడ నోటి చలవే. ఆ పాతికమందిలో ఒక్కడూ ఆ సినిమాను ఏకబిగిన చూసినవాడు కాదు.

అదెలాగంటే, వాళ్ల పనే అలాంటిది. ఎయిర్‌పోర్టు ట్రిప్పు కోసం గంటలకొద్దీ కాచుకుని ఉంటారు. ఆ కాస్తసేపట్లో చంద్రమ్మ రేకుల షెడ్డుకు వచ్చి రెండు జొన్న రొట్టెలు చెప్పి, గోడకున్న టీవీ వైపు తిరుగుతారు. అక్కడ కత్తివీరుడు కత్తి దూస్తాడు, ఇక్కడ ఫోను మోగుతుంది. ట్రిప్పు పడితే సగం రొట్టె కాగితంలో చుట్టుకుని పరుగే. మళ్లీ వచ్చేసరికి సినిమా ఎక్కడో ఉంటుంది. "అక్కా, ఏమైంది?" అని అడుగుతారు. పొద్దుటి నుంచీ కదలకుండా ఉన్నది ఆవిడొక్కతే కదా. పిండి పిసుకుతూ, రొట్టె తడుతూ, పెంక మీద తిప్పుతూ, ఏమైందో చెబుతుంది. తెర మీది మనుషుల ముఖాలు చూసి చెబుతుంది.

నా సంగతి చెప్పలేదు. నా పేరు వీరరాఘవులు. మాది కృష్ణా జిల్లా. ముప్ఫై ఏళ్లు ఒక ఎగుమతుల కంపెనీలో ఇంగ్లీషు ఉత్తరాలు రాసి రిటైరయ్యాను. షుగరు వచ్చాక డాక్టరు అన్నం తగ్గించమన్నాడు. మా ఆవిడ మంగాదేవికి జొన్న రొట్టె చేయడం రాదు, నేర్చుకోనని కూడా చెప్పేసింది. అందుకని రోజూ మధ్యాహ్నం చంద్రమ్మ షెడ్డే నాకు గతి. తప్పు కనబడితే దిద్దకుండా ఉండలేని రోగం ఒకటి నాకు షుగరు కంటే ముందే ఉంది. రొట్టెల ధరల బోర్డులో అక్షరదోషం దిద్దింది నేనే.

చంద్రమ్మది అక్కడే పుట్టి పెరిగిన రైతు కుటుంబం. ఒకప్పుడు వాళ్ల సొంత చేలో జొన్న పండేది. ఇప్పుడు జొన్నలు కొంటుంది, కానీ పిండి గిర్నీ దగ్గర తానే నిలబడి పట్టించుకొస్తుంది. చల్లారిన రొట్టె అమ్మదు. "అది నేను తినను, మీకెట్ల పెడ్త?" అంటుంది. ఆ మాటలో గర్వం ఉంది. ఆ గర్వానికి తగ్గ పనీ ఉంది.

ఆ సినిమా పేరుకు అర్థం 'మంచు దారి' అని కింద ఇంగ్లీషులో పడింది. పాండు అనే డ్రైవరు తన ఫోనులోంచి టీవీలోకి పెట్టాడు. దొర లేని ఒక కత్తివీరుడు ఊళ్లు తిరుగుతుంటాడు. ఏటా పంట చేతికొచ్చే వేళకు ఒక ఇంటి ముందుకు వస్తాడు. తల ఎత్తడు. ఆ ఇంటావిడ నడుముకు కట్టుకున్న గుడ్డను కొంగులా పడుతుంది. అతను దోసిళ్లతో అందులో బియ్యం పోసి, మాట్లాడకుండా వెళ్లిపోతాడు.

చంద్రమ్మ రొట్టె తిప్పడం ఆపి చూసింది. "ఆమె ఆయన చెల్లె. ఒడిబియ్యం పోస్తున్నడు" అంది.

పెళ్లయి ముత్తయిదువగా ఉన్న ఆడపిల్లకు పుట్టింటివాళ్లు పసుపు కలిపిన బియ్యం ఒడిలో పోసి, చీర పెట్టి పంపడం ఇక్కడి ఇళ్లలో ఎంత పెద్ద మర్యాదో నాకు ఈ ఊరు వచ్చాకే తెలిసింది. ఎవరో కుర్ర డ్రైవరు, మరి ఆమె మొగుడేడీ అని అడిగాడు. "బతకపోయిండు" అంది చంద్రమ్మ, తడుముకోకుండా. పని వెతుక్కుంటూ వేరే ఊరు వెళ్లాడని. పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. సాయంత్రానికి ఎయిర్‌పోర్టు పార్కింగ్ అంతా కత్తివీరుడికి చెల్లెలుందని తెలిసిపోయింది.

నాకు మాత్రం నిజం ఆ రోజే తెలుసు. కింద పడే ఇంగ్లీషు మాటలు చదివి అర్థం చేసుకోగలిగినవాణ్ని నేనొక్కణ్నే. ఆవిడ చెల్లెలు కాదు. దొర ఆజ్ఞ మీద అతను చంపిన మనిషి భార్య. నోటిదాకా వచ్చింది. కానీ చెప్పలేదు. నాకొక్కడికే తెలుసన్న సంగతి లోలోపల బాగుంది. సిగ్గుచేటే, ఒప్పుకుంటున్నాను.

నెల తిరగకముందే శివ అనే డ్రైవరు స్వీట్ల డబ్బాతో వచ్చాడు. ఉండేది బుద్వేల్‌లో. చెల్లెల్ని పహాడీ షరీఫ్ వైపు ఇచ్చారు. గృహప్రవేశానికి బావ తనను సరిగా పిలవలేదని ఆరేళ్లుగా ఆ గడప తొక్కలేదు.

"పోయొచ్చిన అక్కా" అన్నాడు చంద్రమ్మతో. "బియ్యం పోసిన, చీర పెట్టిన. అంత పెద్ద కత్తి పట్టుకున్నోడే తల వంచుకొని పోంగ, నాదేంది?"

ఆ రోజు చంద్రమ్మ ఎవరికీ వినబడకుండా ముక్కు చీదుకుంది. నేను సగం రొట్టె వదిలేసి లేచాను.

అప్పుడే రెండో భాగం కబురు మొదలైంది. జపానులో ఆడింది, మన హాళ్లకు రాలేదు. ఇక ఇళ్లలో చూసుకోవడానికి ఎప్పుడు వస్తుందా అని ఒకటే ఎదురుచూపు. పాండు రోజుకు పదిసార్లు ఫోను చూసేవాడు. ఇంకొకడు కారు అద్దానికి చెక్క కత్తి వేలాడదీశాడు. ఈసారి అన్న చెల్లెలింటికి వస్తాడా రాడా అని వాదించుకునేవారు, తీర్పు చంద్రమ్మను అడిగేవారు. "ఎందుకు రాడు, వస్తడు" అనేది ఆవిడ.

ఒక సోమవారం పాండు గంతేసినంత పని చేశాడు. "ఈ శుక్రారమే అక్కా. ఈసారి తెలుగుల మాట్లాడ్తరంట."

అందరూ చప్పట్లు కొట్టారు. నాకు చెమట పట్టింది. తెలుగులో వస్తే మొదటి పది నిమిషాల్లోనే 'ఈమె భర్తను చంపింది ఇతనే' అని ఎవడో ఒకడు అననే అంటాడు. పాతికమంది ముందు చంద్రమ్మ మాట పోతుంది.

బుధవారం మధ్యాహ్నం మూడింటికి షెడ్డు ఖాళీగా ఉన్నప్పుడు వెళ్లాను.

"చంద్రమ్మ గారూ, ఒక్క మాట చెప్పాలండి. సినిమాలో ఆవిడ అతని చెల్లెలు కాదు."

"మరెవ్వలు సారూ?"

చెప్పాను. దొర ఆజ్ఞ, చావు, ఆ పాపం కడుక్కోవడానికి ఏటా తెచ్చే బియ్యం, అన్నీ చెప్పాను. ఆవిడ చేతిలో పిండిముద్ద అలాగే ఉండిపోయింది.

"మీకు ఎప్పటిసంది తెల్సు?"

"మొదటి రోజు నుంచీ అండి."

"తెల్సి గిన్ని దినాలు నా రొట్టెలు తిన్నరా?"

నా ముప్ఫై ఏళ్ల ఉద్యోగంలో పైఅధికారి ఎవరూ నన్ను అంత గట్టిగా తిట్టలేదు. తలవంచుకుని నిలబడ్డాను. ఆవిడ పిండిముద్ద పక్కన పెట్టి, "రేపు పాండును అడిగి సినిమా మొత్తం పెట్టుండ్రి. ఒక్కొక్క మాట చదివి చెప్పుండ్రి" అంది.

గురువారం మూడింటికి పాండు సినిమాను నా ఫోనులోంచి టీవీలోకి పెట్టిచ్చి ట్రిప్పుకు వెళ్లాడు. చంద్రమ్మ పొయ్యి ఆర్పేసింది. ఆవిడ పగటిపూట పొయ్యి ఆర్పగా నేను చూడటం అదే మొదలు. ముక్కాలిపీట మీద కూర్చుని, చేతులు ఒడిలో పెట్టుకుని చూసింది. గొంతు ఎండిపోయేదాకా చదివాను. బియ్యం పోసే చోటు రెండుసార్లు పెట్టించుకుంది.

"మొగడు సచ్చిన మనిషికి ఒడిబియ్యమన్న నేను" అంది. "ఆమె ఏడుస్తుంటె మురుస్తున్నదనుకున్న."

నాకు జాలేసి, నాకు తోచిన ఉపాయం చెప్పాను. "రెండో భాగంలో కథ మార్చేశారని చెప్పేద్దామండి. ఎవరూ వెనక్కి వెళ్లి చూడరు."

ఆవిడ నా వైపు చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేదు.

"నా మాట ఇని శివగాడు చెల్లె ఇంటికి పోయిండు సారూ. ఇయ్యాల నిజం తెలిస్తె మళ్ల పోవుడు బంద్ చేస్తడేమోనని నాకూ భయమే ఉన్నది. గట్లని ఇంకో అబద్ధం చెప్పాల్నా?"

శుక్రవారం పదకొండింటికి షెడ్డులో కాలు పెట్టే చోటు లేదు. కొందరు ట్రిప్పులు పడకుండా ఫోన్లు ఆపేసుకుని వచ్చారు. పాండు సినిమా పెట్టబోతుంటే చంద్రమ్మ చేతులు తుడుచుకుని టీవీ ముందుకొచ్చి నిలబడింది.

"జర ఆగుండ్రి. ఆమె ఆయన చెల్లె గాదు. ఆయన చేతిల సచ్చినోని పెండ్లాం. నాకు తెల్వక మీకు తప్పు చెప్పిన. తెల్సినంక చెప్పకుంటె బాగుండదు."

ఎవరో నవ్వబోయి ఆగారు. మూలనున్న శివ లేచాడు. ముఖం ఎర్రబడింది.

"అంటే నేను ఉత్తగనే పోయిన్నా అక్కా?"

చంద్రమ్మ తడబడలేదు. "సినిమాల ఆయన ఎందుకు పోసిండో నాకు తెల్వక చెప్పిన. నువ్వెందుకు పోసినవో నీకు తెల్సు గద."

 అంతలో శివ ఫోను మోగింది. ట్రిప్పు పడింది. ఎవరి ముఖమూ చూడకుండా వెళ్లిపోయాడు.

సినిమా మొదలైంది. బాగానే ఉందనుకుంటాను. నేను చంద్రమ్మనే చూస్తున్నాను. రొట్టెలు తడుతోంది, టీవీ చూస్తోంది, మధ్యమధ్య రోడ్డు వైపు చూస్తోంది. ఆవిడ చేతిలో రొట్టె మాడటం కూడా ఆ రోజే చూశాను. సినిమా అయిపోయింది. సగంమంది వెళ్లిపోయారు. నేను కదల్లేదు.

రెండున్నరకు శివ కారు వచ్చి ఆగింది. వచ్చి బెంచీ మీద కూర్చున్నాడు. రెండు రొట్టెలు చెప్పాడు. చంద్రమ్మ పెట్టింది.  ఒక రొట్టె అయ్యాక అన్నాడు.

"చెల్లెకు ఫోన్ చేసిన అక్కా. సినిమా ముచ్చట మొత్తం చెప్పిన. నేను తప్పు సమజ్ చేసుకొని వచ్చిన్నని చెప్పిన."

"ఏమన్నది?"

"'గట్లయితె ఇగ రావా అన్నా?' అన్నది."

చంద్రమ్మ చేయి పిండిలోనే ఆగిపోయింది. "నువ్వేమన్నవ్?"

"'ఈ ఆదివారం వస్తున్న, కోడిని కొయ్యమని బావకు చెప్పు' అన్న."

చంద్రమ్మ పెంక మీది వేడి రొట్టె తీసి, అడగకుండానే అతని పళ్లెంలో వేసింది. శివ తుంచి నోట్లో పెట్టుకున్నాడు. టీవీ అక్కడే ఉంది, సినిమా తెలుగులోనే ఉంది, నొక్కితే మళ్లీ వస్తుంది. కానీ అతను ఆవిడ వైపే తిరిగాడు.

"ఇగ చెప్పక్కా. నేను పోయినంక ఏమైంది?"

చంద్రమ్మ మొదటి నుంచీ చెప్పడం మొదలుపెట్టింది. నేను పక్కనే కూర్చుని విన్నాను. దిద్దవలసిన మాట ఒక్కటీ రాలేదు. ఈవిడ చేతి రొట్టె తింటున్నానని నాకు ఆ రోజు చాలా గర్వంగా అనిపించింది.