సర్వపిండిలో బుడ్డ వేళ్ల తొవ్వలు

ఛత్రినాకలో మా పుట్టింటి పక్కింటి పెద్దమ్మ మొన్న పొద్దున పోయింది. కబురు చెప్పడానికి తమ్ముడు బస్సు డిపో నుంచి ఆ ఖాకీ బట్టలతోనే సైకిలేసుకుని జహనుమాలో మా ఇంటికి వచ్చాడు. "అక్కా, పెద్దమ్మ ఇగ లేదే" అని గడప మీదే కూలబడ్డాడు. మూడేళ్ల నా బిడ్డ వాడి ముఖం చూసి, లోపలికి పోయి గ్లాసుతో నీళ్లు తెచ్చింది, దారంతా ఒలకబోసుకుంటూ. పెద్దమ్మ ఉంటే "శభాష్ బిడ్డా" అనేది. ఒలికిన నీళ్ల మాట ఎత్తేది కాదు.

ఆమె మాకు చుట్టం కాదు. రెండిళ్లకూ గోడ ఒకటే, వాకిలి ఒకటే. మా బాపు అదే డిపోలో మెకానిక్. నాకు ఐదేళ్లు, తమ్ముడికి రెండు కూడా నిండలేదు, అప్పుడు అమ్మకు దగ్గు ముదిరి క్షయ అని తేలింది. ఊరవతల ఆసుపత్రిలో చేర్చుకున్నారు. పిల్లల్ని లోపలికి రానిచ్చేవాళ్లు కాదు.

అమ్మ ఆసుపత్రికి వెళ్లిన రోజు నుంచి తమ్ముడు ముద్ద ముట్టలేదు. బాపు అన్నం కలిపి కాకిని చూపించాడు, పిల్లిని చూపించాడు, చివరికి వాడితో పాటు తనూ ఏడ్చాడు. పాలు తాగినా కక్కేవాడు. పక్కటెముకలు తేలిపోయాయి. అమ్మ తిరిగొచ్చేదాకా వీడు దక్కుతాడా అని వాకిట్లో ఆడవాళ్లు గుసగుసలాడుకునేవారు. నాకు వినపడేది.

పెద్దమ్మది గుసగుసల గొంతు కాదు. ఆమె ఇంట్లో మాట్లాడితే గల్లీ చివరి నల్లా దగ్గర వినాల్సిందే. ఒకనాడు బాపు చేతిలోంచి గిన్నె లాక్కుంది.

"బతిమిలాడితే పిల్లలు తింటరా తమ్మీ? పని చెప్తే తింటరు. నువ్వు డ్యూటీకి పో, ఫికర్ జేయకు."

మమ్మల్నిద్దరినీ తన వంటింట్లోకి తోలుకుపోయింది. పొయ్యి ముందు ముగ్గుతో ఒక గీత గీసింది. "ఈ గీత దాటిండ్రా, ఈపులు పగుల్తయి!" అన్నది. గీతకు ఇవతల రాజ్యమంతా మాది.

తాంబాళంలో బియ్యప్పిండి పోసింది. నానిన శనగపప్పు, ఉల్లిగడ్డ ముక్కలు వేసింది. కరివేపాకు తుంపే పని నాది, నువ్వులు చల్లే పని తమ్ముడిది. పిండిలో పడ్డ నువ్వులు కొన్నే, వాడి జుట్టులో ఇరుక్కున్నవి మస్తు. కారం వేయకముందే వాడి వాటా తీసి, కలిపి, సర్వ అనే గుండ్రటి అడుగు గిన్నెలో లోపలంతా అదిమింది. సర్వపిండిలో ఉన్న సుఖమే అది. పొయ్యెక్కేదాకా గిన్నె చల్లగానే ఉంటుంది, పిల్లలు ఎంతసేపు చేతులు పెట్టినా భయం లేదు.

"ఇగ తొవ్వలు పెట్టుండ్రి," అన్నది.

"ఎవరికి పెద్దమ్మా?"

"నూనెకు బిడ్డా. తొవ్వ లేకుంటే అది లోపలికెట్ల పోతది? పిండి పచ్చిగనే ఉంటది."

తమ్ముడి వేలు పట్టుకుని ఒక్క గుంట పొడిపించి వదిలేసింది. ఇక వాడు ఆగితేనా! పొడిచిన చోటే పొడిచాడు. నేను ఆపబోతే నా చెయ్యి మీద ఒక్కటిచ్చింది. "వాని పని వాన్ని చేసుకోనియ్యవే. జల్లెడైతే జల్లెడనే తిందాం."

సన్నమంట మీద కాల్చి బోర్లిస్తే నిజంగానే ముక్కలు ముక్కలుగా రాలింది. ఆరిన తర్వాత ఒక ముక్క తమ్ముడి ముందు పెట్టింది. వాడు అందులో గుంటల్ని చూశాడు. వేలు పెట్టి చూసుకున్నాడు. పెద్దమ్మ గబుక్కున పొయ్యి వైపు తిరిగి, నేనూ చూడకుండా నా ముఖం మీద కొంగేసింది. "చూస్తే సిగ్గుపడి ఊస్తడే," అని నా చెవిలో అన్నది. ఆమె గుసగుసలాడటం నేను వినడం అదే మొదటిసారి. కొంగు సందులోంచి చూశాను. వాడు నములుతున్నాడు.

ఆనాటి నుంచి పొద్దున లేస్తే మేం ఆ గీత దగ్గరే. పెసర్లు ఏరడం, జొన్నపిండి తట్టడం, అన్నీ మా చేతే చేయించింది. వండినవాళ్లే ఊడ్వాలి, అది ఆమె కానూన్. "మగపిల్లగానికి వంటపనేంది?" అని ఎవరో అంటే, "ఏం, ఆకలి ఆడోళ్లకే అయితదా?" అని నోరు మూయించింది. వంటిల్లంతా పాడవుతోందని ఇంకెవరో జాలిపడితే, "ఇల్లు ఖరాబైతే ఊడ్సుకుంటం. కడుపు ఖరాబైతే ఏం జేస్తం?" అన్నది.

ఆదివారం బాపు ఆసుపత్రికి బయల్దేరితే ఒక సర్వపిండి ముక్క కాగితంలో చుట్టి ఇచ్చింది. "పిల్లలు మంచిగున్నరంటే ఆమె నమ్మదు. రోగమున్నోళ్లకు అందరు అబద్ధమే చెప్తరు. ఇది సూపియ్యి."

తర్వాత ఎన్నోసార్లు అమ్మే చెప్పింది. "అంచున బియ్యపుగింజలంత పండ్ల గాట్లున్నయి. తొవ్వలల్ల నా చిటికెన వేలు పెట్టి సూసిన. పట్టలే. అప్పుడు నమ్మిన, నా కొడుకు చేసిండు, నా కొడుకు తిన్నడని. ఆ రోజే నేను గూడ బుక్కెడు తిన్న." మరుసటి బోనాలకు అమ్మ ఇంటికి వచ్చింది. మా తమ్ముడి బతుకు పెద్దమ్మ పెట్టిన బతుకు. అమ్మదీ అంతేనేమో అని నాకు అనిపిస్తుంది.

పోయినవాళ్లకు ఇష్టమైనవి వండి మూడోనాడు పిట్టకు పెట్టడం మా ఆచారం. ఇవాళ సర్వపిండి నేనే చేస్తానని తమ్ముడు ఆమె సర్వ ముందేసుకుని కూర్చున్నాడు. పిండి అదిమాడు, వేలు పెట్టాడు, ఆగిపోయాడు. స్పానర్లు పట్టి పట్టి మొద్దుబారిన వేళ్లు వాడివి. "ఇవి తొవ్వలు కావక్కా, బొందలు," అని నా బిడ్డను దగ్గరికి పిలిచాడు. "నువ్వు పెట్టు బిడ్డా."

"ఎవరికి మామా?"

"నూనెకు," అన్నాడు. నా బిడ్డ ఆగకుండా పొడిచింది, పొడిచిన చోటే పొడిచింది.

కాల్చి తీస్తే మళ్లీ ముక్కలే. విస్తరిలో పెట్టబోతూ అమ్మ ఒక ముక్కను వెలుతురుకు తిప్పింది. చిటికెన వేలు చాపి ఒక తొవ్వలో పెట్టింది. పక్కదాంట్లో పెట్టింది.

"పట్టలే అక్కా," అని పెద్దమ్మకు చెప్పినట్టే చెప్పి, విస్తరి పిట్టగోడ మీద పెట్టింది.